పెండ్లిళ్లు దాచిన ఇనుప పెట్టె

మెదక్‌ల మా ఇంటి ముందర్రల, అంటే వీధి దిక్కు గదిల, ఏడేండ్లు ఒక యంత్రం ఉండె. యంత్రం అంటే జర గౌరవంగ ఉంటదని ఆ మాట వాడుతున్న. నడుమెత్తు ఇనుప పెట్టె. ముందట పద్నాలుగు అరలు, అరకొక హార్డ్ డిస్కు, వెనుక నాలుగు ఫ్యాన్లు. హైదరాబాద్‌ల ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీ మూతబడితే వాళ్ల సర్వర్ సామాను వేలం వేసిండ్రు. నేను కుర్చీ కొందామని పోయిన. కుర్చీలు అయిపోయినయి.

అప్పట్ల నాది మిక్సింగ్ దుకాణం. పెండ్లి వీడియో తీసుకొచ్చి ఇస్తే, కోసి, అతికి, పాటలు పెట్టి, పెండ్లికొడుకును గులాబీ పువ్వులకెళ్లి బయటికి తీసి, పెండ్లిపిల్లను చందమామ మీద కూర్చోబెట్టి సీడీ చేసిచ్చుడే మిక్సింగ్. బీఎస్సీల ఫిజిక్స్ చదివిన కాబట్టి చందమామ మీద గాలి లేదని నాకు తెలుసు. అయినా పెండ్లిపిల్ల కొంగు ఎగరాలె. గిరాకీ ముందట ఫిజిక్స్ ఎక్కువసేపు నిలవదు.

తీసుకొచ్చిన వీడియో అంతా మామూలు కంప్యూటర్ల పట్టకపోయేది, ఈ పెట్టెల పట్టేది. రేగోడ్, టేక్మాల్, అల్లాదుర్గ్ దిక్కు లగ్గాలు శానా వరకు దీంట్లనే ఉండె. సీడీకి పనికిరాక కోసేసిన ముక్కలు గూడ పారెయ్యకపోయేది. దాన్ని నేను ముందుచూపు అనేవాణ్ని. మా ఆమె బద్ధకం అనేది. ఆన్ చేస్తే పెట్టె పిండిగిర్ని లెక్క మోగేది. ఒకామె నిజంగనే జొన్నల సంచి పట్టుకొచ్చి ఎంతసేపు పడ్తదని అడిగింది.

ఏండ్లు గడిచినయి. జేబుల పట్టే డిస్కుల పెట్టెకు మించిన జాగ వచ్చింది. పెట్టె ఆన్ చెయ్యక రెండేండ్లయింది. అయినా కదలకపోవుడుకు కారణం దసరా. ఆయుధపూజనాడు మా ఆమె పొద్దుగాలనే లేచి పద్నాలుగు అరలకు పద్నాలుగు బొట్లు పెట్టి, బంతిపూల దండ ఏసేది. మా ఇంట్ల ఒక పద్ధతి ఉన్నది. దసరాకు బొట్టు పెట్టిన వస్తువును మళ్లీ దసరా దాకా బయటికి పంపరు. మళ్లీ దసరానాడు నేను నిద్ర లేచేసరికి మళ్లీ బొట్టు పడి ఉండేది. గీ లెక్కన ఆ పెట్టె మా మనుమల కాలం దాకా ఢోకా లేకుండ బతికేదే.

కాని తెలంగాణ కోసం సమ్మె నడుస్తున్న ఆ ఏడు మా ఆమెకు ముందర్ర కావల్సి వచ్చింది. ఆమె జాకెట్లు కుడ్తది, మగ్గం పని గూడ చేస్తది. మిషన్ వంటింట్ల, బియ్యం డ్రమ్ముకూ పొయ్యికీ నడుమ ఉండేది. పోయిన బతుకమ్మకు ఒకామె పట్టు జాకెట్టు మీద పోపు చిట్లింది. ఇంకోసారి ఇద్దరి లైనింగులు తారుమారైనయి. ఆ ముగ్గురు ఆడోళ్లూ బస్టాండ్ కాడ కొత్తగ పెట్టిన బొటిక్‌కు మారిండ్రు. ఈసారి గూడ వంటింట్లనే కుడ్తే వీధి వీధంతా పోతదని ఆమె భయం. అది ఉత్త భయం కాదని నాకూ తెలుసు.

"ఆ డబ్బా ఎప్పుడు తీస్తున్నరు?"

"తెలంగాణ వచ్చినంక చూద్దాం" అన్న. ఆ రోజులల్ల ఈ జవాబు అన్నిటికీ సరిపోయేది. మోరీ రిపేరుకు, మా మేనబావ లగ్గానికి గూడ అదే చెప్పేటోళ్లు.

"తెలంగాణ ఎప్పుడొస్తదో మీకూ తెల్వది, ఢిల్లీకీ తెల్వది. బతుకమ్మ మాత్రం ఇరువై రోజులకు వస్తది. పూలకు సమ్మె లేదు."

హైదరాబాద్‌ల ఉన్న దోస్తుకు ఫోన్ చేసిన. పెట్టె పేరు చెప్తే, "అదింకా ఉన్నదా?" అని ముసలాయన బాగోగులు అడిగినట్టు అడిగిండు. ఒక కాలేజీకి ఉత్తగనే ఇస్తనన్న. సమ్మె అయినంక కమిటీ వేస్తమన్నరు. మిగిలింది పాత సామాన్ల భాయ్. ఒకసారి రమ్మంటే ఆ రోజు బంద్ పడ్డది. రెండోసారి రమ్మన్ననాడు రాస్తారోకో. నేను అందరితో పాటు రోడ్డు మీద కూర్చుండి నినాదాలిస్తున్న. దూరంగ ట్రాలీ ఆటో ఆగింది. చూస్తే మా భాయే. చెయ్యి ఊపిన. ఆయన గూడ ఊపి ఆటో వెనుకకు మర్లేసుకొని పోయిండు. సొంత పని కోసం వచ్చిన బండిని సొంతంగ ఆపిన ఉద్యమకారుణ్ని మెదక్‌ల నేనొక్కణ్నే అనుకుంట. ఇంటికొచ్చి మా ఆమెకు చెప్పిన. ఆ పూట పప్పుల ఉప్పు లేదు.

మూడోసారి భాయ్ వచ్చిండు. దారానికి కట్టిన అయస్కాంతం పెట్టె మీద పెట్టి, వేలుతో నాలుగు దిక్కులా కొట్టి చూసిండు.

"లోపలి సామాను అక్కరకు రాదు సార్. ఇనుము మాత్రం మస్తుగుంది. బీరువా ఇనుము." లక్షణమైన సర్వర్ గురించి ఆఖరికి విన్న మంచిమాట అది. ఇంతల ఆయన కండ్లు అరల మీద పడ్డయి. "బొట్లున్నయి గదా. అమ్మ ఒప్పుకున్నదా?"

"నేనే ఒప్పుకుంటున్న భాయ్. దసరా మళ్లీ రాకముందే తీస్కపో" అన్నది మా ఆమె లోపలి నుంచే.

"దాంట్ల పెండ్లిళ్లున్నయి" అన్న నేను, నెమ్మదిగ.

భాయ్ అయస్కాంతాన్ని చటుక్కున వెనుకకు తీసిండు. "ఎన్ని?"

"వంద దాటే ఉంటయి."

"గన్ని పెండ్లిళ్లు తుక్కుల ఎయ్యొద్దు సార్. ఎవలయి వాళ్లకు ఇచ్చినంక నన్ను పిలువుండ్రి."

మా ఆమె నాకు ఎనిమిది రోజుల గడువు ఇచ్చింది.

పెట్టె ఆన్ చేసినంక నా తెలివి బయటపడ్డది. ఏ పెండ్లికీ పేరు రాయలే, తారీఖు రాయలే. నాకు గుర్తుండెటట్టు రాసుకున్న: 'టేక్మాల్ పొడుగు పెండ్లికొడుకు', 'రేగోడ్ వాన', 'కరెంటు పోయింది', 'అల్లాదుర్గ్ అలిగిన మేనమామ'. రాసినప్పుడు అన్నీ గుర్తున్నయి. ఇప్పుడు ఒక్కటి గుర్తు లేదు. పాత రసీదు బుక్కుల ఉన్న నంబర్లకు ఫోన్ చేసుడు మొదలు పెట్టిన.

"అన్నా, మీది కరెంటు పోయిన పెండ్లేనా?"

"అందరి పెండ్లిళ్లల్ల పోయింది గదనే. నీ ఇంట్ల పోలేదా?"

ఇట్ల కాదని, ఎవరిది వాళ్లే వచ్చి చూసి పెన్‌డ్రైవ్‌ల ఎక్కిచ్చుకొని పోండ్రని చెప్పిన. వచ్చిండ్రు. బంద్ ఉన్ననాడు ఇంకా ఎక్కువ వచ్చిండ్రు, ఆ రోజు ఎవరికీ వేరే పని లేకుండె. బస్సుల్లేక మోటార్ సైకిళ్ల మీద ముగ్గురు ముగ్గురు దిగిండ్రు. పెట్టె గిర్ని లెక్క మోగుతుంటే ముందర్ర నిండ జనం. ఎవల పెండ్లి వచ్చినా అందరూ చూసిండ్రు. ఆరేడేండ్ల కింది తమ నడుములు చూసుకొని మొగోళ్లు పొట్టలు లోపలికి గుంజుకున్నరు. ఆడోళ్లు తెర మీది జాకెట్లు చూసి, "గా చేతులే పెట్టు అక్కా, గా మెడనే పెట్టు" అని మా ఆమెకు అక్కడికక్కడ కొలతలిచ్చిండ్రు. బొటిక్‌కు పోయిన ముగ్గుర్ల ఇద్దరు వచ్చిండ్రు. వాళ్లకు గూడ పెండ్లిళ్లయినయి గద.

ఏడో రోజు అల్లాదుర్గ్ నుంచి ఒక చెల్లె వచ్చింది. అలిగిన మేనమామ ఆమె మేనమామే. ఫోటోకు పిలువలేదని అలిగి, పెండ్లంతా షామియానా అవతల బోర్లించిన పెద్ద బోగాణె గిన్నె మీద కూర్చున్నడట. సీడీల ఆయన ఎక్కడా లేడు. ఇంటోళ్లే కోసెయ్యమన్నరు.

"పెండ్లి సీడీ ఉన్నదన్నా. నాకు గా కోసిన ముక్కనే కావాలె."

వెతికితే దొరికింది. తెల్ల ధోతి, ఎర్ర రుమాలు, మొఖం అటు తిప్పుకొని మేనమామ. ఒక్కొక్కరు వచ్చి బతిమిలాడుతుండ్రు, ఆయన కదుల్తలేడు. ఆఖరికి పెండ్లిబట్టలల్లనే ఈ చెల్లె వచ్చి ఏమో అన్నది. ఆయన లేస్తే బోగాణె ధోతికి తగులుకొని ఆయనతోనే లేచింది. ముందర్రల ఉన్నోళ్లందరూ నవ్వినా, అందరికన్న గట్టిగ నవ్వింది ఆమెనే.

"ఏమన్నవ్ చెల్లె?"

"బోగాణె వంటోళ్లది మామా, పప్పు దించుతరట, లెవ్వు అన్న." కండ్లు తుడుసుకొని, "ఆయనకు అరవై నిండుతున్నయి. ఈ ముక్క అందరిముందట ఏస్త. మళ్లీ అలుగుతడు" అన్నది సంబురంగ.

ఎనిమిదో రోజు భాయ్ వచ్చి డిస్కులు ఒక్కొక్కటే గుంజి సంచిల ఏసిండు. ఖాళీ పెట్టె మిగిలింది. ఎత్తబోతుంటే మా ఆమె చీపురు పట్టుకొని వచ్చి నిలవడ్డది. ఒక అరల చెయ్యి పెట్టి చూసింది. లోపలికి పోయి, చుట్టిన జాకెట్టు ముక్క తెచ్చి ఆ అరల దోపింది. సరిగ్గ పట్టింది. లైనింగు, దారంకండె గూడ పట్టినయి. అరల మీద ఒకటి నుంచి పద్నాలుగు దాకా కంపెనీ అచ్చేసిన నంబర్లే ఉండె. ఒక్కొక్కరి బట్ట ఒక్కో అరల. ఇంక తారుమారయ్యేది లేదు. పైన చెక్క వేస్తే నిలబడి కట్ చేసుకునే బల్ల.

"భాయ్, ఇది బీరువా ఇనుమన్నవు గదా?"

"అవునమ్మా."

"అయితే ఉండని."

భాయ్ నా మొఖం చూసిండు. నేను గోడ చూసిన. ఆయన సంచిలకెళ్లి ఒక డిస్కు తీసి, పగులగొట్టి, లోపలి అయస్కాంతం ఆమె చేతుల పెట్టిండు. "కింద పడ్డ సూదులు ఏరుకోనీకె" అన్నడు. ఇద్దరూ నన్ను ఏమీ అడగలే.

జాకెట్లన్నీ సద్దుల బతుకమ్మకు ఒకరోజు ముందే ఎవలయి వాళ్లకు ముట్టినయి. ఆ దసరా పొద్దుగాల నేను లేచేసరికి కుట్టుమిషన్‌కు, కత్తెరకు, పద్నాలుగు అరలకు బొట్లు పడి ఉన్నయి. బంతిపూల దండ గూడ పాత తీరుగనే ఉన్నది.

"అయితే ఇంకో ఏడాది దీన్ని కదపొద్దన్నట్టేనా?" అన్న.

"జరుగుండ్రి, కొలతల టేపుకు పెట్టాలె."

నా కంప్యూటర్‌కు గూడ బొట్టు పెట్టిందట, పోయి చూసిన. అది వంటింట్ల, బియ్యం డ్రమ్ముకూ పొయ్యికీ నడుమ ఉన్నది. ఆ సీజన్ మిక్సింగ్ అంతా నేను అక్కడనే చేసిన. అప్పుడప్పుడు తెర మీద పోపు చిట్లేది. చందమామ పక్కన పడితే నేను తుడవకపోయేది. చుక్కల లెక్కనే ఉండె.