దుప్పటి కింద నల్ల తెర

ముదీర్ చెయ్యి పెద్దాయన చెంప మీద పడిన శబ్దం నాకు దుప్పటి కిందికి వినిపించింది. రెండో దెబ్బకు ఆయన వెనుక ఉన్న ఇనుప ర్యాక్ మోగింది. మూడో దెబ్బకు ఏదీ మోగలేదు. ఆయన అప్పటికే నేల మీద పడి ఉన్నారు.

అది 2006. అబుదాబి పక్కనున్న ముసఫ్ఫాలోని మా వర్క్‌షాపులో కంప్యూటర్ తెరలను దుమ్ము చొరని ఇనుప చట్రాల్లో బిగించి, రాస్ అల్ ఖైమా క్వారీల ఆఫీసులకు పంపేవాళ్లం. తెర పలకను చట్రంలో కూర్చోబెట్టడం గోదావరి జిల్లా నుంచి వచ్చిన పెద్దాయన పని. కరెంటు స్క్రూడ్రైవర్‌తో చుట్టూ స్క్రూలు బిగించడం కరీంనగర్ నుంచి వచ్చిన నా గదిమిత్రుడి పని. పరీక్షించడం నా పని. తెర నలుపులోని లోపం చీకట్లోనే తెలుస్తుంది కనుక, పట్టపగలే క్యాంపు దుప్పటి తలమీద కప్పుకొని తెర ముందు కూర్చునేవాణ్ణి.

ఆ ఉదయం క్వారీల నుంచి పన్నెండు మానిటర్లు తిరిగి వచ్చాయి. నల్లగా ఉండవలసిన తెర నాలుగు మూలల్లోనూ తెల్లని వెలుగు కారుతోంది. హైదరాబాద్ వాడైన మా ముదీర్ (మేనేజర్‌ని అక్కడ అరబ్బీలో అలాగే పిలుస్తారు) కారణాన్ని వెతకలేదు, మనిషిని వెతికాడు.

"బొటనవేళ్లతో ఒత్తి ఒత్తి అద్దం ఖరాబ్ చేసినవ్. రేపే నీ వీసా క్యాన్సిల్. సామాన్ సదురుకో!"

"ఒత్తలేదండి అయ్యా. పసిబిడ్డని పడుకోబెట్టినట్టు పెడతానండి."

ఆ జవాబుకు ఆయన డొక్కలో బూటుకాలు దిగింది.

నేను దుప్పటి విసిరేసి లేచాను. కాలేజీలో మూడేళ్లు వక్తృత్వ పోటీల వేదికలెక్కి రెండు సూత్రాలు వంటపట్టించుకున్నవాణ్ణి: ముందు అంశాన్ని నిర్వచించాలి, అన్నిటికన్నా బలమైన వాదనను చివరికి దాచుకోవాలి.

"సార్, రుజువు కాకముందే శిక్షా? నాకు పది నిమిషాలివ్వండి. కారణం నేను చూపిస్తాను."

"వచ్చిండు వకీల్ సాబ్! చెప్పు. తప్పయితే నీకు గూడ ఉంది."

తెర వెనుక సన్నని ట్యూబులైట్లు ఎప్పుడూ వెలుగుతూనే ఉంటాయనీ, ముందున్న పలక ఆ వెలుగును అడ్డుకుంటేనే మనకు నలుపు కనిపిస్తుందనీ మొదలుపెట్టాను. పలక ఎక్కడ వంగితే అక్కడ వెలుగు తప్పించుకుంటుంది. వంగడానికి మూడు కారణాలు ఉండవచ్చు. లారీ కుదుపులా? బిగించిన వెంటనే నా పరీక్ష నెగ్గి, రెండు రోజులుగా గుమ్మం దాటకుండా ఉన్న కొత్త మానిటర్‌ను దుప్పటి కింద పెట్టి ముదీర్‌ను చూడమన్నాను. దాని మూలలూ తెల్లగానే ఉన్నాయి. వేడికి చట్రం వంకర పోయిందా? ఆ కొత్తది ఏసీ గది దాటి ఎరగదు. ఇక మిగిలింది ఒత్తిడి. ఆ మానిటర్ మూల స్క్రూలు నాలుగూ ఒక్కో చుట్టు వదులు చేశాను. కాసేపటికి మూలల్లోని వెలుగు ముడుచుకుపోయింది.

"చూశారా సార్? పలకను నొక్కింది వేళ్లు కాదు, స్క్రూలు."

అక్కడ నేను ఆగాను. వేదిక మీద అలాగే ఆగేవాణ్ణి, చివరి వాదనకు ముందు సభ ఊపిరి బిగబట్టాలని.

ఆ విరామంలో ముదీర్ నా గదిమిత్రుడి కాలర్ పట్టుకున్నాడు. "నువ్వేనారా?" అంటూ అతని చేతిలోని స్క్రూడ్రైవర్ లాక్కొని, దాని పిడితో చెవి మీద కొట్టాడు. మరోసారి కొట్టాడు. అతను బల్ల అంచుకు తగిలి కూలబడ్డాడు. చెవి వెనుక నుంచి రక్తం చొక్కాలోకి దిగింది.

"సార్! ఆ స్క్రూడ్రైవర్ బిగింపును చివరి అంకె మీద పెట్టమన్నది మీరే!" అని అరిచాను. "చట్రాలు దారిలో ఊడుతున్నాయని మీరే తిప్పారు. ఎవరూ మార్చకూడదని టేపు వేసి సంతకం కూడా పెట్టారు. చూడండి!"

మూడోసారి లేచిన చెయ్యి గాల్లో ఆగింది. ముదీర్ పిడి మీది టేపు చూశాడు. గోటితో దాన్ని పీకి, అంకె తగ్గించి, స్క్రూడ్రైవర్‌ను బల్ల మీదికి విసిరాడు. తర్వాత నేను వదులు చేసిన మానిటర్‌ను కాలితో తన్నాడు. అది నేలకు కొట్టుకొని పగిలింది.

"ఖలాస్. పన్నెండూ ఇప్పుండ్రి. యల్లా, జల్ది!"

"పెద్దాయన వీసా?"

"పని చేస్కొమ్మను."

కుళాయి దగ్గర నా మిత్రుడు చెవి కడుక్కుంటున్నాడు. పెద్దాయన డొక్క పట్టుకునే వచ్చి, తన తువ్వాలు తడిపి అతని గాయానికి అదిమారు.

"అన్నా, ఆ టేపు ముచ్చట నీకు ముందే ఎరుకనా?" అని నా మిత్రుడు నన్ను అడిగాడు.

"తెలుసు."

"మరి ముందుగాల్నే చెప్తే ఏమైతుండె?"

"బలమైన మాట చివర్లో..." అన్నాను.

"ఊరుకోవయ్యా, నెత్తురు ఆగనీ," అన్నారు పెద్దాయన, అతనితోనో, నాతోనో.

సాయంత్రానికి పన్నెండూ విప్పి మళ్లీ బిగించాం. తొమ్మిది తెరలకు నలుపు తిరిగి వచ్చింది. మూడు తెరల మూలలు తెల్లగానే ఉండిపోయాయి. పరీక్ష కాగితంలో 'కారణం' అన్న గడి ఒకటుంది. మొదటి పంక్తిలోనే రాశాను: ముదీర్ ఆదేశంపై స్క్రూలను అతిగా బిగించడం.

ముదీర్ చదివి, కాగితం చించి, ఆ చేత్తోనే నా చెంప పగలగొట్టాడు. నోట్లో ఉప్పదనం తగిలింది. ఇంకో కాగితం తీసుకొని, మళ్లీ అదే వాక్యాన్ని మొదట రాశాను.