బోర్డు ముందు బాగున్నాను

తేడా మొదట తెలిసింది సైకిలు దగ్గర. అప్పట్లో నేను కోట ఫిర్కాకు, అంటే ఆ చుట్టుపక్కల ఊళ్ళన్నిటికీ, రెవెన్యూ ఇన్‌స్పెక్టరును. బి.ఏ. చదివినందుకు ప్రభుత్వం నాకు సముద్రం వైపు ఇసుకదారులన్నీ అప్పగించింది. ఒకరోజు పొద్దున పైరు అజమాయిషీకి పోయి, చేనిగట్టు దగ్గర సైకిలు దిగబోయాను. కాలు దిగింది, నడుము దిగలేదు. తుంటి నుంచి మడమదాకా కాల్చిన తీగ లాగినట్టయింది.

"ఏంది సార్, దిగేదానికి ముహూర్తం చూస్తాండారా?" అన్నాడు వెంట వచ్చిన కరణం.

నవ్వాను. ఈ జబ్బులో నేను చేసిన మొదటి తప్పు అదే.

నెల్లూరు డాక్టరుగారు సయాటికా అన్నారు. ఎక్స్‌రే తీయించి, "నార్మల్‌గా ఉందయ్యా, సంతోషించు" అన్నారు. సంతోషిద్దామంటే, వంగి చెప్పులు కూడా తొడుక్కోలేకపోయాను. మూడు నెలలు చెక్కబల్ల మీద బెడ్ రెస్ట్. నా భార్య దీనమ్మ రోజూ ఉప్పుమూటతో కాపడం పెట్టేది. తరువాత మద్రాసులో పెద్దాసుపత్రి. అక్కడ కాళ్ళకు బరువులు కట్టి ట్రాక్షన్ పెట్టారు, డిస్క్ ప్రొలాప్స్ అని తేల్చారు, కోశారు. కుట్లు విప్పిన రోజు సర్జన్‌గారు "ఆపరేషన్ సక్సెస్" అన్నారు. నొప్పి అలాగే ఉందండి అన్నాను. "అది వేరే విషయం" అన్నారాయన. ఆ వేరే విషయంతోనే ఇంటికి వచ్చాను.

సెలవులన్నీ అయిపోయాయి. తహసీల్దారుగారు మంచివారు, పిలిచి చెప్పారు: "ఇన్‌వాలిడ్ పెన్షన్‌కు పెట్టుకోండి. మెడికల్ బోర్డు ఔనంటే ఇంటి దగ్గర తిండికి లోటుండదు. కాదంటే డ్యూటీలో చేరాలి. చేరలేకపోతే ఉద్యోగమూ ఉండదు, పెన్షనూ ఉండదు." మాకు ఇద్దరు ఆడపిల్లలు, ఇద్దరూ బడిలో ఉన్నారు.

బోర్డుకు పెళ్ళికి పోయినట్టు పోయాను. గడ్డం గీసుకున్నాను. దీనమ్మ చొక్కా ఇస్త్రీ చేసింది. అధికారుల ముందు మూలగడం మర్యాద కాదని రెండు నొప్పిమాత్రలు కూడా వేసుకున్నాను. ముగ్గురు డాక్టర్లు లోపలికి రాగానే బల్ల పట్టుకుని లేచి నిలబడ్డాను. పై అధికారి వస్తే కూర్చోవడం నాకు చేతకాదు.

పెద్ద డాక్టరుగారు "ఎలా ఉన్నారు?" అన్నారు.

"ప్రభువు కృపవల్ల బాగున్నానండి."

మా చర్చి సంఘంలో ఆ ప్రశ్నకు మరో జవాబు లేదు. జ్వరంతో వచ్చినవాడూ, బిడ్డను పాతిపెట్టి వచ్చినవాడూ గుడి గడప దగ్గర అదే చెబుతారు. అసలు సంగతి ఆ తరువాత వస్తుంది. నా అసలు సంగతి వచ్చేలోపే కలం కదిలింది. తరువాత పడుకోబెట్టి కాలు ఎత్తమన్నారు. మాత్రల బలంతో ఎత్తాను. ఆ రాత్రి దాని ఫలితం అనుభవించాను గాని, రాత్రిళ్ళు బోర్డు కూర్చోదు.

కొన్ని వారాలకు కాగితం వచ్చింది. "ఆధారం లేకుండా నిలబడగలడు. బాగున్నానని తానే చెప్పినాడు. తేలికపాటి డ్యూటీకి ఫిట్." మా శాఖలో తేలికపాటి డ్యూటీ ఉన్నట్టు నేను వినలేదు. ఉండి ఉంటే నా సీనియర్లు ఎప్పుడో పట్టుకునేవారు.

ఆ మధ్యవాక్యం మళ్ళీ చదివాను. అది నా వాక్యం.

నా జబ్బుకు ముందు, దిక్కులేని ముసలివాళ్ళకు సర్కారు పింఛను ఇస్తానన్నప్పుడు మా ఫిర్కాలో విచారణ నాదే. సముద్రపు ఒడ్డు పల్లెలో రమణమ్మ అనే అవ్వ అర్జీ పెట్టింది. గుడిసె ముందుకు పోయి "ఎట్టుండావవ్వా?" అన్నాను. "మీ దయవల్ల బాగుండా సామీ" అని, కర్ర పక్కన పెట్టి, నాకు చాప పరిచింది. నేను రాశాను: "నడవగలదు. బాగున్నానని తానే చెప్పినది. సిఫారసు చేయలేదు." రిపోర్టు క్లుప్తంగా ఉందని ఆఫీసులో మెచ్చుకున్నారు.

తిరిగి డ్యూటీలో చేరాను. నాలుగు నెలల్లో మూడుసార్లు సైకిలు మీదనుంచి పడ్డాను. మూడోసారి ఎద్దుబండిలో ఇంటికి తెచ్చారు. మళ్ళీ అర్జీ, మళ్ళీ బోర్డు. ఈసారి దీనమ్మ వెంట వచ్చింది.

"ఇదో, ప్రభువును లోపలికి తీసకపోబాక. ఆయన్ని వరండాలో కూచోబెట్టు" అంది దారిలో.

డాక్టరుగారు "ఎలా ఉన్నారు?" అన్నారు. నా నోరు దానంతటది తెరుచుకుంది. దీనమ్మ అడ్డం వచ్చింది.

"ఆయన్నడగబాకండి సార్, నన్నడగండి. ఈయనకి రోజూ చెప్పులు తొడిగేది నేను. చొక్కా తొడుక్కోవాలంటే గోడకి ఆనుకోవాల. అన్నం తినేది నిలబడి. కూచుంటే లేపేదానికి మళ్ళీ నేనే."

ఆయన అన్నీ రాసుకున్నారు. "పూర్తిగా, శాశ్వతంగా పనికిరాడు" అని కాగితం వచ్చింది. ఇంత కష్టపడి సంపాదించిన సర్టిఫికెట్ నాకు ఇంకోటి లేదు. బి.ఏ. కూడా ఇంతకన్నా సులభంగానే వచ్చింది.

పెన్షన్ మొదలైన నెలలో బండి కట్టించుకుని రమణమ్మ పల్లెకు పోయాను, కొత్త అర్జీ నేనే రాసిస్తానని. గుడిసెలో వేరేవాళ్ళు ఉన్నారు.

"ముసిల్దా? పోయిన వానల్లో పోయింది సార్" అంది అక్కడి ఆమె.

జబ్బేమిటని అడిగాను.

"ఏమో సార్. ఎప్పుడడిగినా బాగుండాననేది."

ఇప్పుడు నేను పొద్దంతా చెక్కబల్ల మీద ఉంటాను. ఇదంతా బోర్లా పడుకుని రాసిందే. నొప్పి ఉంది, ఉంటుంది. పిల్లల చదువు ఆగలేదు.

నాలాంటి రోగులకు ఒక్కమాట. డాక్టరు ఎలా ఉన్నారని అడిగితే, ఆ పొద్దున మీరు చేయలేకపోయిన పని ఏదో అది చెప్పండి, చెప్పులైనా సరే. మీ నోటికి అది రాదనుకుంటే, చెప్పులు తొడిగే మనిషిని వెంట తీసుకుపోండి. రమణమ్మకు అలాంటి మనిషి లేదు. నేను రెండోసారి అడిగి ఉండవలసింది.