రెప్ప లాగే రషీదా సిస్టర్

మా పక్కింటి నర్సు రషీదా సిస్టర్‌కు మనిషి కనిపిస్తే చాలు, పలకరింపు కన్నా ముందు కింది రెప్ప లాగి ఒంట్లో రక్తం ఉందో లేదో చూడాలి.

ఓసారి సిటీ బస్సులో టికెట్ అడిగిన కండక్టరు రెప్ప లాగింది. "ఏటి బాబూ, రక్తం నేదు! బెల్లం తిను." పాపం, డబ్బులు తీసుకోకుండానే ముందుకు పారిపోయాడు. మా చెల్లెలి పెళ్ళిలో పీటల మీది పెళ్ళికొడుకు రెప్ప కూడా లాగింది. పురోహితుడు మంత్రం ఆపేశాడు. "ఎర్రగానే ఉన్నాది, కానీండి!" అన్నాకే తాళి పడింది.

ఆవిడ క్యారేజీ ఇంకో వింత. ఒంటి మనిషికి ఐదు గిన్నెలు! ఎక్కడ పెడుతుందో అని వీధంతా ముక్కున వేలేసుకునేది.

ఎనభై ఒకటిలో మా అమ్మకు కడుపు ఆపరేషనైంది. సిస్టర్ పనిచేసే వార్డే. పక్క మంచం పోతమ్మది; చేపలమ్మే మనిషి. ఆమెకూ ఆపరేషనే, కానీ కుట్లు మానడం లేదు. మళ్ళీ కొయ్యాల్సి వస్తుందేమో అన్నారు డాక్టరు.

"నొప్పున్నాదా పోతమ్మా?"

"నేదమ్మా." దుప్పటి కింద కాలి వేళ్ళు మాత్రం ముడుచుకుపోయి ఉన్నాయి.

"తిన్నావా?"

"తినీసినాను."

సిస్టర్ రెప్ప లాగింది. తెల్లగా ఉంది. నేల మీద కూర్చున్న మొగుడు సూరన్న రెప్ప లాగింది. అదింకా తెలుపు. తుఫానుకు పడవ విరిగాక అతనికి పని లేదు. ఆసుపత్రి వాళ్ళిచ్చే గుడ్డూ రొట్టే పోతమ్మ దిండు కింద దాచి అతనికి పెట్టడం నేనూ చూశాను. ఆ మాట పైకంటే సూరన్న సిగ్గుతో లేచి వెళ్ళిపోతాడు. ఇక ఆమెకు తోడెవరు?

సిస్టర్ నా వైపు తిరిగింది. నేను అప్పుడే రెండు మసాలా దోసెలు లాగించి వచ్చాను. నా రెప్ప లాగి గట్టిగా కేకేసింది.

"అమ్మో! అర్జునరావ్ బాబుకి సుక్క రక్తం నేదు!"

"నాకా?"

నా కాలు తొక్కింది. గట్టిగానే.

"నీరసంగా ఉన్నాదా?"

"ఉందండీ, చాలా!"

"సూసినావా సూరన్నా? తోడుండేవోళ్ళు పడిపోతే రోగుల్ని సూసేదెవరు? ఇది మందు. ఇద్దరూ కూకోండి."

తన క్యారేజీ ఐదు గిన్నెలూ విప్పింది. సూరన్న నా బొజ్జ వైపు జాలిగా చూశాడు. "బాబుకే రక్తం నేకపోతే నానెంత?" అని కూర్చున్నాడు. పప్పన్నం, గుడ్లు. అతను ఆకలితో తిన్నాడు, నేను ఆయాసంతో తిన్నాను.

మొగుడి కడుపు నిండడం చూశాక పోతమ్మ తన గుడ్డు తాను తింది. "ఇప్పుడు సెప్పు, నొప్పున్నాదా?" అంటే, "కోసేత్తన్నట్టున్నాదమ్మా" అని ఏడ్చేసింది. సిస్టర్ డాక్టరుతో చెప్పి ఇంజక్షను ఇచ్చింది. ఆ క్యారేజీ మందు రోజూ సాగింది. కుట్లు మానాయి, మళ్ళీ కొయ్యలేదు. నా చొక్కాలు మాత్రం బిగుతయ్యాయి.

ఊళ్ళో అందరి రెప్పలూ ఎందుకు లాగుతుందో అప్పుడు తెలిసింది. పెళ్ళికొడుకునే వదలని మనిషి దగ్గర, ఆకలిగా ఉన్నవాడికి సిగ్గేముంది?

మేం ఇల్లు మారిన చాలా ఏళ్ళకు ద్వారకా నగర్‌లో సిస్టర్ కనిపించింది. చేతిలో అదే క్యారేజీ. పక్కన బక్కచిక్కిన ముసలి రిక్షా ఆయన "నాను తినీసినానమ్మా" అంటున్నాడు. సిస్టర్ నా వైపు చూసింది. నేను దగ్గరికెళ్ళి, నా కింది రెప్ప నేనే లాగి చూపించాను.

"అయ్యో బాబూ, ఇంకా తెలుపేనా!"

ముసలాయన పక్కకు జరిగి నాకు చోటిచ్చాడు. ఆ పూట నాకది రెండో భోజనం.