ఆర్పని కర్పూరం

హారతి కర్పూరం కొండెక్కాక గదిలో ఒక వాసన మిగిలిపోతుంది. వెలుగుతున్నప్పటి పరిమళం కాదది, మసి పట్టిన పళ్ళెంలోంచి వచ్చే ఘాటు. ఈ ఉదయం ఆ వాసన ఇంకా పోకముందే ముందు గదిలో గాజు పగిలిన చప్పుడైంది. వెళ్ళి చూస్తే మా వారి ఫొటో నేల మీద ఉంది, అద్దం ముక్కలై ఉంది. మా మనవరాలి కూతురు చిన్ని, ఆరేళ్ళది, తలుపు పక్కన చేతులు వెనక్కి పెట్టుకుని నిలబడింది.

"ఎవరు పడేశారే?"

"నాగమణి."

నాగమణి మా ఇంట్లో పనిచేసే అమ్మాయి. ఆ సమయానికి పెరట్లో అంట్లు తోముతోంది, పంపు చప్పుడు నాకు వినపడుతూనే ఉంది. పోయిన నెలలో కప్పులు పగలగొట్టిందని మా మనవరాలు సుధ ఆమెని మాన్పించేద్దామని చూస్తోంది. ఇది కూడా ఆమె మీద పడితే ఇక అంతే. "అబద్ధమాడితే కళ్ళు పోతాయి" అన్నాను, మా అమ్మ నాతో అన్నట్టే. లోపల జడ వేసుకుంటున్న సుధకి ఆ మాట వినపడింది, అద్దం సంగతి వినపడలేదు. "అమ్మమ్మా, దాన్ని అలా భయపెట్టకు. దేవుడి పేరు చెప్పి మేం దానికి ఏదీ నేర్పడం లేదు" అంది. "మరి ఏం చెప్పి నేర్పుతావే?" అన్నాను. జవాబు చెప్పడానికి దానికి టైము లేదు, ఆఫీసుకి వెళ్ళిపోయింది. చిన్నికి ఇవాళ సెలవు. అది ఓ మూల, నేను ఓ మూల కూర్చున్నాం.

పైన ఒకరు చూస్తున్నారన్న భయమే నన్ను ఇన్నాళ్ళూ పట్టి ఉంచిందని నా నమ్మకం. ఆ పట్టు లేని పిల్ల రేపు ఎవరూ చూడని చోట ఎలా ఉంటుంది? నేను పోయాక దీనికి ఎవరు చెబుతారు? ఇలా ఆలోచించుకుంటూ పోతే ప్రతిసారీ నేను ఒక మనిషి దగ్గరే ఆగుతాను. ఆవిడ పేరు పార్వతి గారు.

నేను లెక్కల టీచరుగా చేరిన మొదటి బడి గోదావరి మధ్య ఒక లంకలో ఉండేది. ఆ బడికి పార్వతి గారు హెడ్మిస్ట్రెస్. టీచర్లం, ఇవతలి గట్టు పిల్లలు కొందరు, రోజూ పోలయ్య పడవలో వెళ్ళి వచ్చేవాళ్ళం. పడవ ఎక్కగానే ఆడవాళ్ళం నీళ్ళు తాకి కళ్ళకద్దుకునేవాళ్ళం. పార్వతి గారు ఆ సమయంలో తలలు లెక్కపెట్టేవారు. ఆవిడకి దేవుడి మీద నమ్మకం లేదని ఊరందరికీ తెలుసు. దాచుకోలేదు, చాటుకోనూ లేదు. ఒకసారి వరద నీరు చూసి నేను బిగుసుకుపోతే, పోలయ్య "గోదారమ్మ చూసుకుంటుందండి" అన్నాడు. "చూసుకోనీ పోలయ్యా. నువ్వు కూడా చూడు. ఇద్దరు ఎక్కువున్నారు, దింపు" అన్నారావిడ. దిగినవాళ్ళలో ఒకాయన గట్టు మీద నుంచి ఆవిడకి వినపడేలా "పేరేమో పార్వతి, శివుడంటే గిట్టదు" అన్నాడు. ఆవిడ అందరికంటే ముందు నవ్వారు.

పిల్లల్ని ఆవిడ కొట్టగా నేను చూడలేదు. ఏడో తరగతి పిల్ల ఒకతి ఇంకుబుడ్డి ఒలకబోసి, తప్పు పక్కపిల్ల మీదకి నెట్టింది. నేనైతే సరస్వతీదేవికి కోపమొస్తుందని చెప్పేదాన్ని. పార్వతి గారు ఆ పిల్లని దగ్గరికి పిలిచి, "నువ్వు చెప్పింది నేను నమ్మేశాననుకో. దెబ్బ ఎవరికి తగులుతుంది?" అని అడిగారు. అడిగి ఊరుకున్నారు. ఆ పిల్ల ఏడ్చింది. తర్వాత స్టాఫ్ రూములో నేనే అడిగాను, పైన ఎవరూ లేరని అనుకునేవారికి ఇంత నియమం ఎందుకండీ అని. "పైన ఎవరూ లేరనుకుంటే, కింద ఉన్నవాళ్ళకి మనమే కదా సుందరీ దిక్కు" అన్నారు. వినడానికి బాగానే ఉంది. కానీ నాకు అది నీళ్ళ మీద నిలబెట్టిన గోడలా అనిపించింది.

ఆ గోడని పరీక్ష చేసిన రోజు శ్రావణ శుక్రవారం. వరలక్ష్మీ వ్రతమని నేను సెలవు పెట్టాను. తేదీలు మరిచిపోయే అలవాటు నాకు లేదు, ఇది మరిచిపోదామన్నా పోదు. గోదావరిలో ఎర్రనీరు నిండుగా ఉంది. సాయంత్రం వాన ముంచుకొస్తుండగా బడి వదిలారు. తిరుగు ప్రయాణంలో పడవ ఒక ఇసుక దిబ్బకి తగిలి పక్కకి ఒరిగింది. అదృష్టం, దిబ్బ మీద నడుం లోతు నీళ్ళే. అందరూ బతికారు. ఒక పిల్లకి చెయ్యి విరిగింది.

రాత్రికల్లా ఊళ్ళో మాట పుట్టింది, పోలయ్య యానాం వెళ్ళొచ్చి పడవెక్కాడని. మా వైపు ఆ మాటకి తాగొచ్చాడని అర్థం. ఒకప్పుడు తాగేవాడు, నిజమే. కూతురు పెళ్ళయ్యాక మానేశాడు. అతని నుంచి రేవు తీసేసి ఇంకొకరికి ఇవ్వాలని ఊరి పెద్దలు పట్టుబట్టారు. ఆ పడవ తప్ప అతనికి వేరే బతుకు లేదు. తాగలేదని కర్పూరం ఆర్పుతానన్నాడు పోలయ్య. వెలుగుతున్న కర్పూరాన్ని దేవుడి ముందు అరచేత్తో ఆర్పి చెప్పిన మాటకి మా ఊళ్ళలో తిరుగులేదు. అబద్ధమైతే చెప్పినవాడి ఇంట దీపం ఆరిపోతుందని నమ్మకం. అయితే తాగుబోతు ప్రమాణం చెల్లదన్నారు. అతని పక్కనే కూర్చుని వచ్చిన పార్వతి గారు ఆర్పితే నమ్ముతామన్నారు.

శనివారం బడి వరండాలో పోలయ్య నిలబడి ఉన్నాడు. "అమ్మగారూ, ఒక్కసారి ఆర్పెయ్యండమ్మా. రేవు పోతే నాకింకేం వచ్చు?"

"నువ్వు తాగలేదని చెప్తాను పోలయ్యా. ఎన్నిసార్లు అడిగినా చెప్తాను. కర్పూరం మాత్రం ఆర్పను."

"అలా చెప్తే ఎవరు నమ్ముతారమ్మా?"

అతను వెళ్ళాక నాకు ఒళ్ళు మండింది. "మీకది ఉత్త కర్పూరమే కదండీ. ఆర్పేస్తే మీకు పోయేదేముంది? పోయేది అతని బతుకు" అన్నాను. "నాకు ఉత్తదే. వాళ్ళకి కాదు. నేను నమ్మనిదాన్ని అడ్డం పెట్టుకుని వాళ్ళని ఎలా నమ్మించను? అది నటన కాదా?" అన్నారు. క్యారియరు మూత తీసి, మళ్ళీ పెట్టేశారు. కాసేపటికి, "నేను తప్పు చేస్తున్నానేమో సుందరీ. నా నిజాయితీకి అతను బలైపోతాడేమో" అన్నారు. ఆవిడ తనని తాను అనుమానించుకోవడం నేను వినడం అదే మొదలు.

ఆదివారం రామాలయం మండపం నిండిపోయింది. ప్రెసిడెంటు రాజు గారు మర్యాదగానే మొదలుపెట్టారు. "మీరు చదువుకున్నవారు. దేవుడి ముందు ఒక్క ముక్క చెప్పండి, అయిపోతుంది."

"దేవుడి ముందే నిలబడి ఉన్నాను కదండీ. పోలయ్య తాగలేదు. కర్పూరం మాత్రం నన్ను అడగకండి, నాకు ఆ నమ్మకం లేదు."

"నమ్మకం లేదో, నిజం లేదో" అన్నారెవరో వెనక నుంచి. జనం నవ్వారు. పోలయ్య తల దించుకున్నాడు. పళ్ళెంలో కర్పూరం కరిగిపోతోంది. ఆర్పండమ్మా, ఆర్పండి అని నేను లోపల రాముణ్ణి వేడుకుంటున్నాను.

అప్పుడావిడ, ఎవరూ అడగని మాట చెప్పారు. "ఇంకొకటి కూడా ఉంది. పడవలో మనుషులు ఎక్కువయ్యారు. పోలయ్య వద్దన్నాడు. వాన వచ్చేస్తోంది, పిల్లలు తడుస్తారని ఎక్కించమన్నది నేను. రోజూ లెక్కపెట్టేదాన్ని, ఆ రోజు పెట్టలేదు. ఆ పిల్ల చెయ్యి విరగడానికి కారణం నేను."

చెయ్యి విరిగిన పిల్ల తండ్రి లేచి నిలబడ్డాడు, మళ్ళీ కూర్చున్నాడు. అర్చకులు ఆచారి గారు గర్భగుడి గడప మీద నుంచే అన్నారు. "రాజు గారూ, నా ఎదట చాలామంది కర్పూరం ఆర్పారు. ఎవరూ తన మీదకి తెచ్చుకునే మాట చెప్పలేదు. ఇంక ఈ పళ్ళెంతో పనేముంది?" అని పళ్ళెం లోపలికి తీసుకుపోయారు.

పోలయ్యకి రేవు దక్కింది. పార్వతి గారికి ఆ ఊరు దక్కలేదు. మా పిల్లల్ని ముంచబోయిన టీచరు మాకొద్దని తల్లిదండ్రులు అర్జీ పెట్టారు. ఆవిడ కాదనలేదు. తుని దగ్గర ఒక బడికి వేశారు. వెళ్ళే రోజు పడవ కదిలేముందు పోలయ్య నీళ్ళకి దండం పెట్టి, పైకి వినపడేలా తలలు లెక్కపెట్టాడు. ఆవిడ తల తిప్పుకున్నారు. మళ్ళీ నేను ఆవిడని చూడలేదు.

నేను దేవుణ్ణి నమ్ముతాను. ఇవాళ్టికీ దీపం పెట్టనిదే కాఫీ తాగను. అయినా ఒక ప్రశ్న నన్ను వదలదు. ఆ మండపంలో ఆవిడ చోట నేనుంటే, నిజమే చెబుతూ కర్పూరం ఆర్పి, పోలయ్యని గట్టెక్కించి, ఆ రెండో మాట మింగేసి ఇంటికి వచ్చేదాన్నేమో. దేవుడు చూస్తున్నాడని తెలిసి కూడా. అలాగని ఆవిడలా అందరూ ఉండగలరని ధైర్యం చెప్పుకోలేను. అలాంటి మనిషిని నేను ఒక్కరినే చూశాను.

చిన్నిని ఒళ్ళోకి పిలిచాను. "నాగమణి పడేసిందని నేను నమ్మేశాననుకో. దెబ్బ ఎవరికి తగులుతుందమ్మా?"

అది నా కొంగు వేలికి చుట్టుకుంది, విప్పింది. పెరటి వైపు చూసింది. తర్వాత ఒళ్ళోంచి జారి పెరట్లోకి వెళ్ళింది. ఏం చెప్పిందో నాకు వినపడలేదు. పంపు ఆగింది. నాగమణి చీపురు పట్టుకుని వచ్చింది. "పాపే పడేసిందంటండి. మీరు లేవకండి, కాళ్ళకి గుచ్చుకుంటాయి" అని గాజు పెంకులు ఊడ్చి పారేసింది.

ఈ పూటకి చెప్పింది. రేపటి సంగతి నాకు తెలియదు. సాయంత్రం దీపం పెట్టి, పిల్లని చల్లగా చూడు తండ్రీ అని దండం పెట్టుకున్నాను. నువ్వు కూడా చూడు అన్న పార్వతి గారి మాట గుర్తొచ్చింది. ముందు గదిలోకి వెళ్ళి, చిన్ని ఆడుకునే చోట పెంకులేమైనా మిగిలాయేమోనని నేలంతా చేత్తో తడిమి చూశాను.