ఒక్కసారే తిరిగే క్యాసెట్

వీడియో క్యాసెట్టూ డిస్కూ రెండూ పట్టే రికార్డర్ ఒకటి ఇంటికి కొనాలని నేను అన్నప్పుడు నవ్వనివాళ్ళు ఇద్దరే. ఒకరు మా ఆవిడ. ఆమె నవ్వలేదు, కోప్పడింది. రెండోవాడు టెక్కలిలో ఒకప్పుడు వీసీఆర్‌లు బాగుచేసిన మెకానిక్కు. ఇప్పుడు అతను మిక్సీలూ ఫ్యాన్లూ చూస్తున్నాడు. నా చేతిలో ఉన్న క్యాసెట్‌ను చూశాడు కాబట్టి అతను నవ్వలేదు.

అందరికంటే ఎక్కువ నవ్వినవాడు మా బావమరిది. అతనికి కాశీబుగ్గలో సెల్‌ఫోన్ల దుకాణం ఉంది.

“ఏటి బావా, జనాలకి సినిమాలు ఫోన్లోకి గాల్లోంచి దిగుతన్నాయి. నువ్వు మళ్ళీ రీలు సుట్టుకుంటానంటావేటి?”

“నీ ఫోన్లోకి మీ అయ్య గొంతు దిగుతాదేమో సూడు. దిగితే నాను ఏ పెట్టే కొనను” అన్నాను.

 అతను చేతిలోని ఫోన్‌కు గాజు అతికించే పనిలో పడ్డాడు.

ఆ గొంతు సంగతి చెప్పాలి. మా మామగారు జలంత్రకోటలో కొబ్బరి రైతు. కెమెరా ముందు కుదురుగా నిలబడిన మనిషి కాదు. బావమరిది పెళ్ళికి వీడియో పెట్టించాం. నెల తరువాత స్టూడియో వాళ్ళు ఇచ్చిన క్యాసెట్‌లో పూలు విచ్చుకున్నాయి, నక్షత్రాలు తిరిగాయి, పెళ్ళివాళ్ళ మాటలన్నీ తీసేసి మొదటి నుంచి చివరిదాకా సినిమా పాటలు పెట్టారు. మామగారు ఒకచోట నోరు కదుపుతూ కనిపించారు. ఆ నోట్లోంచి ఎవరో గాయకుడు పాడుతున్నాడు. మా ఆవిడ ఆ రోజు టీవీ ముందు నుంచి లేచి వెళ్ళిపోయింది.

మర్నాడు నేను స్టూడియోకు వెళ్ళి కెమెరాలో తీసిన అసలు క్యాసెట్ కావాలన్నాను. “దాన్లో గోల తప్ప ఏటుందండీ? మళ్ళీ వేరే పెల్లికి వాడీసుకుంటాం” అన్నాడు వీడియో తీసిన మనిషి. ఖాళీ క్యాసెట్ కొత్తది ఒకటి ఇచ్చి ఆ గోలను తెచ్చుకున్నాను. అద్దెకు తెచ్చిన వీసీఆర్‌లో ఒక్కసారి చూశాం. డైరీలో ఇలా రాసుకున్నాను: ‘గంట దాటాక, వంటశాల దగ్గర మామగారి గొంతు. నాలుగు నిమిషాలు.’ ఆయన ఏమన్నారో మాత్రం రాయలేదు. ఎప్పుడైనా వినొచ్చు కదా అనుకున్నాను. మరుసటి ఏడాది ఆయన పోయారు. ఏమన్నారన్న దాని మీద అక్కాతమ్ముళ్ళ మధ్య ఇప్పటికీ తగువే. తనను పేరు పెట్టి పిలిచాడని ఆవిడ అంటుంది. కాదు, కొబ్బరికాయల లెక్క అడిగాడని తమ్ముడు అంటాడు.

నేను పని చేసింది పలాసలో, ఒక జీడిపప్పు ఫ్యాక్టరీలో. గ్రేడింగు సూపర్‌వైజర్‌ని. మా దగ్గర పప్పును రేకు డబ్బాలో నింపి, గాలి తీసి, మూత అతికి సీలు వేసేవారు. మామగారు పోయాక ఆ క్యాసెట్‌ను గుడ్డలో చుట్టి, అలాంటి డబ్బాలో పెట్టించి సీలు వేయించాను. అందరూ అప్పుడూ నవ్వారు. ఎన్నో తుఫాన్లు వచ్చాయి, ఇంటి పెంకులు లేచిపోయాయి, బీరువాలో ఫోటోలన్నీ అతుక్కుపోయాయి. డబ్బాకు ఏమీ కాలేదు.

కిందటేడాది అటక దులుపుతూ డబ్బా ఎత్తితే నా వేళ్ళకు తుప్పు అంటుకుంది. అడుగున ఆవగింజంత చిల్లి. కోసి చూస్తే క్యాసెట్ కిటికీలోంచి రీలు అంచున తెల్లటి బూజు కనిపించింది. టెక్కలి మెకానిక్కు దాన్ని వెలుతురులో పెట్టి చాలాసేపు చూశాడు.

“బూజు తుడుత్తానండీ. కానీ రీలు పెళుసెక్కిపోనాది. ఒక్కసారి తిరుగుతాది. రెండోసారికి నాను మాటివ్వను.”

అంటే చూడటమూ కాపీ తీయడమూ వేరువేరుగా కుదరవు. ఆ ఒక్కసారి తిరిగేటప్పుడే డిస్కు మీదకు ఎక్కాలి. బావమరిది విశాఖపట్నం పంపుదామన్నాడు. అక్కడ పెన్‌డ్రైవ్‌లో పెట్టి ఇస్తారట. నేను పంపనన్నాను. ఒకసారి పరాయివాళ్ళ చేతికి గొంతు ఇస్తే పాట ఇచ్చారు. ఈసారి ఏమిస్తారో నాకు తెలియదు. ఆ ఒక్క తిరుగుడూ మా ఇంట్లో, మా కళ్ళ ముందు జరగాలి.

మా ఆవిడకు అదీ ఇష్టం లేదు.

“అది డబ్బాలో ఉన్నన్నాళ్ళూ మా అయ్య ఉన్నాడనుకుంటాను. మీరు తీసి పాడుసేత్తే మా అయ్య రెండుమాట్లు పోయినట్టు.”

“తుప్పు నిన్నడిగి వచ్చిందేటి? ఊరుకుంటే అదే తినేస్తాది.”

రెండు రోజులు నేనే వడ్డించుకు తిన్నాను. మూడో రోజు ఆవిడ కంచం నా ముందు పెడుతూ, “పగటిపూట నడపండి. కరెంటు సూసుకోండి. నాను లేకుండా మీట నొక్కారో, మీ డైరీలన్నీ పొయ్యిలో ఎట్టేత్తాను” అంది. దాన్ని ఒప్పుకోలుగా డైరీలో రాసుకున్నాను.

ఇక పెట్టె వెతకడం. కొత్తవి ఎక్కడా లేవు, తయారీ ఎప్పుడో ఆగిపోయింది. పాతవే దిక్కు. టెక్కలి బస్టాండు దగ్గరి పాత సామాన్ల దుకాణంలో ఒకటి దొరికింది. నల్లటి ముఖం, గీత కూడా లేదు. ఒకవైపు క్యాసెట్ నోరు, ఒకవైపు డిస్కు పళ్ళెం. దుకాణదారు రెండూ ఆడించి చూపించాడు. మోసుకొని బస్సెక్కాను.

ఇంటికి తెచ్చి మీటలు ఒక్కొక్కటే చదివితే తెలిసింది. అది క్యాసెట్ మీద రికార్డు చేస్తుంది, డిస్కును ఆడించడమే తప్ప దాని మీద ఏమీ రాయదు. వెనకవైపు పలకపై ప్లేయర్ అని అక్షరాలా రాసి ఉంది. నేను ముందువైపే చూశాను. పైకి గుండులా, అంటే చీలని నిండు గింజలా కనిపించే పప్పు కింద చీలి బద్దగా ఉంటుంది, బల్ల మీద ప్రతి గింజనూ తిప్పి చూడండమ్మా అని ముప్పై ఏళ్ళు ఆడకూలీలకు చెప్పినవాణ్ణి. నేనే తిప్పి చూడలేదు.

“బావ బద్దని గుండని కొనీసినాడే” అని బావమరిది అక్కతో చెప్పి, దుకాణానికి వచ్చినవాళ్ళందరికీ చెప్పాడు. చెప్పుకోనీ అనుకున్నాను. ఒక గింజ తప్పు పడిందని బల్ల దగ్గర్నుంచి లేచిపోయిన మనిషిని కాను.

ఆ రాత్రి డైరీలో నాలుగు ప్రశ్నలు రాసుకున్నాను. డిస్కు మీద రాస్తుందా? క్యాసెట్ నుంచి డిస్కుకు లోపలే, మధ్యలో తీగలు లేకుండా ఎక్కిస్తుందా? మన దేశపు టీవీకి సరిపడే పద్ధతేనా? మన కరెంటుకు నిలుస్తుందా? ఈ నాలుగూ వెనక పలక మీద చూసుకున్నాక గానీ పెట్టె ముఖం చూడకూడదు.

నౌపడలో ఒకరి ఇంట్లో ఉన్నది నాలుగో ప్రశ్నలో పోయింది, అమెరికా కరెంటుది. మూడో పెట్టె ఉద్దానం తీరంలో ఒక మత్స్యకారుల ఊళ్ళో దొరికింది. దాని యజమాని గల్ఫు ఓడల్లో పని చేసి వచ్చి ఇప్పుడు సొంత పడవ నడుపుతున్నాడు. పెట్టెను మంచం మీద పెట్టి, నేను దాన్ని బోర్లించడం చూసి ఆశ్చర్యపోయాడు.

“ముందల సూడరేటండీ? పెల్లికూతురి వీపు సూసి సంబంధం కలుపుకుంటారేటి?”

“ఒకసారి ముఖం సూసి మోసపోయానయ్యా” అన్నాను.

ఉప్పుగాలికి మరలు తుప్పు పట్టాయి, డిస్కు పళ్ళెం రెండుసార్లు తడితే గానీ బయటికి రాదు. కానీ నాలుగు ప్రశ్నలకూ జవాబు ఉంది. వాడకం పుస్తకం కూడా ప్లాస్టిక్ సంచిలో భద్రంగా ఉంది. దాన్ని చూసి ఆ మనిషి మీద గౌరవం కలిగింది.

తెచ్చి, మెకానిక్కుతో లోపల తుడిపించి, అక్కరలేని క్యాసెట్‌తో పరీక్ష పెట్టాను. అక్కరలేని క్యాసెట్ అంటే ఆ పాటల పెళ్ళి క్యాసెట్టే. పువ్వులు, నక్షత్రాలు అన్నీ డిస్కు మీదకు ఎక్కాయి. ఆ డిస్కును బావమరిది తన ఇంట్లోని డీవీడీలో పెడితే ఏమీ రాలేదు. పట్టుకొని పరుగున వచ్చాడు.

“బావా, ఇది నీ పెట్టి మాటే ఇంటాది. ఇంకో పెట్టిలో మూగదైపోతాది. నా మాటిని వైజాగు పంపీ.”

వాడకం పుస్తకం తెరిచాను. రాసిన డిస్కుకు చివర్లో ముగింపు వేయాలి, దానికి ఫైనలైజ్ అని వేరే మీట ఉంది. డబ్బాకు సీలు లాంటిది. సీలు వేయకుండా సరుకు పంపితే దారిలో ఏమవుతుందో పలాసలో ఎవరినడిగినా చెబుతారు. మీట నొక్కి, అది పూర్తయ్యేదాకా కూర్చొని, డిస్కు అతని చేతిలో పెట్టాను. ఈసారి అతని ఇంట్లో ఆడింది. “ఆడింది” అని ఫోన్లో ఒక్క మాట అని పెట్టేశాడు.

ఇక అసలు క్యాసెట్. మెకానిక్కు బూజు తుడిచి ఇస్తూ మరో మాట చెప్పాడు. “మజ్జిలో ఆపకండి. ఆపితే రీలు లోపల తిరిగే డ్రమ్ముకి అతుక్కుంటాది. కూసినా, అరిసినా వదిలీయండి.”

ఉదయం తొమ్మిదింటికి మొదలుపెట్టాం. ఇన్వర్టర్ బ్యాటరీ నిండుగా ఉంది. ముగ్గురం కూర్చున్నాం. బొమ్మ మీద చినుకులు పడుతున్నట్టుంది, అయినా మనుషులు తెలుస్తున్నారు. మేళం, పిల్లల గోల, మైకులో ఎవరో ఎవరినో భోజనానికి పిలవడం. డిస్కు వైపు ఎర్ర దీపం వెలుగుతూనే ఉంది. నేను దాన్నే చూస్తున్నాను. గంట గడిచింది.

అప్పుడు పెట్టెలోంచి సన్నగా కీచుమని చప్పుడు మొదలైంది. క్షణక్షణానికీ పెరిగింది. బొమ్మ వంకరపోయింది. బావమరిది లేచి ఆపే మీట వైపు చెయ్యి చాచాడు.

“తెగిపోతాది బావా, ఆపీ.”

“సెయ్యి తియ్యి.”

“మా అయ్యది బావా అది. నీది కాదు.”

ఆ మాట నిజమే. అయినా పెట్టెకూ అతనికీ మధ్య నిలబడ్డాను. మా ఆవిడ వైపు చూశాను. ఆవిడ చీరకొంగు గుప్పిట్లో పట్టుకొని తెరనే చూస్తోంది.

“ఒరే, కూకో” అంది తమ్ముడితో.

అతను కూర్చున్నాడు. కీచు ఆగలేదు. ఆ కీచులోంచే, గుండిగల వెనక నుంచి, ముప్పై ఏళ్ళ కిందటి గొంతు వచ్చింది.

“నా మీద లైటేత్తావేటిరా? పెల్లికొడుకు ఆడ, పందిట్లో ఉన్నాడు. నువ్వు అన్నం తిన్నావా లేదా? ముందు తిను.” తరువాత పక్కకు తిరిగి, ఆకులు ఎన్ని ఉన్నాయని ఎవరినో అడిగారు. సాంబారులో ఉప్పు గురించి ఒక తిట్టు. ఆ తరువాత మా ఆవిడను పిలిచారు, పేరుతో కాదు. “ఒలమ్మీ, మీ ఆయన పొద్దున్నుంచి ఆ మూల కూకొని రాసేత్తన్నాడు. పెల్లి సూడ్డానికొచ్చినాడా, రాసుకోడానికొచ్చినాడా? ఆ పుస్తకం మూసి వచ్చి తినమను. రాసినోడికి కడుపు నిండదు.”

బావమరిది మోకాళ్ళ మీద తల పెట్టుకున్నాడు. మా ఆవిడ నవ్వింది. నవ్వుతూనే కళ్ళు తుడుచుకుంది.

మరి కొద్దిసేపటికి పెట్టె తనంతట తానే ఆగింది. క్యాసెట్ తీస్తే సగం రీలు పేగుల్లా వేలాడింది. డిస్కుకు ముగింపు మీట నొక్కాను. అది పూర్తయ్యేదాకా ముగ్గురం అక్కడే కూర్చున్నాం. బావమరిది ఆ డిస్కు తీసుకొని తన ఇంటికి వెళ్ళాడు. పది నిమిషాలకు ఫోన్ మోగింది. అతను ఫోన్‌ను టీవీ ముందు పెట్టాడు. అందులోంచి మామగారి గొంతు సాంబారును తిడుతోంది.

పాత సామాన్లవాళ్ళు ఇప్పటికీ వచ్చి ఆ పెట్టె ఇచ్చేయమంటారు. ఇవ్వను. తుప్పు మరలతోనే మా టీవీ కింద ఉంటుంది. క్యాసెట్ ఆడిన ఆ రోజు మధ్యాహ్నం నేను బల్ల దగ్గర డైరీ తెరిచి, మామగారి మాటలు ఒక్కటీ పొల్లుపోకుండా రాస్తున్నాను. మొదటిసారి రాయకుండా వదిలిన తప్పు దిద్దుకుంటున్నాను. వంటింట్లోంచి మా ఆవిడ పిలిచింది.

“మా అయ్య ఏటన్నాడో ఇన్నారు కదా. ఆ పుస్తకం మూసి వచ్చి తినండి.”

విన్నాను. చివరి వాక్యం కూడా రాసి, కలం మూత పెట్టి, అప్పుడే లేచాను.