పటంల తెల్లగ వదిలిన వాడ

అరవైలల్ల మా కాలేజీల పట్టణాలు ఎట్ల కట్టాల్నో నేర్పే కోర్సు కొత్తగ పెట్టిన్రు. పాఠాలు తయారుచేసే పని నా మీద పడ్డది. తయారుచేసుడేంది నా మొకం! ఇంగ్లండు పుస్తకం ముందటేసుకొని మక్కికి మక్కి దింపిన. పటంల ఇండ్లకు పసుపు, దుకాండ్లకు నీలం, ఖాళీ జాగా తెల్లగ వదలాలె. గోడలు కట్టినయే ఇండ్లు. గుడిసెలకేం రంగెయ్యాల్నో అండ్ల లేదు, నేనూ రాయలె.

పిల్లలను తోలుకొని జడ్చర్ల అవతల ఒక చిన్న ఊరికి సర్వేకు పోయిన. ఊరి పక్క కూలోళ్ల వాడ. ఎండకు ఆగలేక ఒక అవ్వ గుడిసె ముందటి పందిరి కిందనే కూసొని పటం గీసినం. వాడంత తెల్లగనే మిగిలింది. బాగ కుదిరిందని మురిసిపోయి, సంతకం పెట్టి ఒక నకలు ఊరాఫీసుల ఇచ్చిన.

ఏడాది తిరగకముందే అవ్వ నోటీసు పట్టుకొని కాలేజీకొచ్చింది. ఖాళీ జాగల బస్టాండు కడ్తరట, ఎనిమిది దినాలల్ల గుడిసెలు తియ్యాల్నట.

"నువ్వు కొలిచినోనివి, నువ్వు చెప్తె ఆఫీసోళ్లు ఇంటరు, సారూ," అన్నది.

ఆమెను ఎంటబెట్టుకొని గా ఊరాఫీసుకే ఉరికిన. అధికారి పటం పరిచి చూపెట్టిండు.

"సంతకం మీదే గద? మనుషులుంటె తెల్లగ ఎందుకున్నది?"

"తప్పు నాది. రేపే దిద్ది తెస్త. నీ కాళ్లు మొక్కుత, జర ఆపు," అన్న.

"హుకుం అయిపోయింది సార్. నేర్పేటోళ్లు మీరే తప్పంటె మేమేం జెయ్యాలె?"

హైదరాబాదుల ఎన్ని ఆఫీసుల చుట్టు తిరిగిన్నో! పటం దిద్ది, ప్రతి గుడిసెకు పసుపు పూసి తీస్కపోయిన. ఎవ్వడూ ముట్టలె. గడువు నాడు వాడకు పోయేసరికి సగం గుడిసెలు పీకేసిన్రు. అవ్వ మూట మీద కూసున్నది. ఆమె ముందట కూలబడి ఏడ్సిన. ఎంత ఏడిస్తె ఏం ఫాయిద?

అవ్వ నా భుజం మీద చెయ్యేసింది. "ఊకో బిడ్డా. పెద్దింట్ల పుట్టినోనివి, గుడిసె సంగతి నీకెట్ల ఎరుక? నీ తప్పు గాదు."

నేను పుట్టింది రామన్నపేట దిక్కు అసొంటి గుడిసెలనే. గా మాట ఆమెకు చెప్పలేకపోయిన.