అత్త జ్వరానికి నా నానో ఉపన్యాసం

వట్టి నోటితో ఒక మనిషి ప్రాణం మీదికి ఎలా తేవచ్చో చెబుతాను, వినండి. నవ్వినా ఫర్వాలేదు, ఇప్పుడు ఆ మనిషే నవ్వుతోంది.

అప్పట్లో నేను ఎచ్చెర్ల యూనివర్సిటీలో పరిశోధన విద్యార్థిని. క్యాన్సర్ మందును నానో కణాల్లో పెట్టి ఎలుకలకు ఎక్కించడం, వాటి రోగనిరోధక శక్తి మేలుకుందా లేదా అని చూడటం నా పని. ఎలుకలు నన్ను లెక్కచేసేవి కావు, గైడుగారు అసలే చేసేవారు కారు. మా ఊరు పొందూరు వెళ్తే మాత్రం నేను డాక్టర్ని. ల్యాబులో ఈగల మోత, ఊళ్లో పల్లకీల మోత! ‘నేను ఆ డాక్టర్ని కాదు’ అని చెబుదామని ప్రతిసారీ అనుకునేవాణ్ణి. అనుకోవడంతోనే సరిపోయేది.

పొందూరులో ఖద్దరు నూలు వడికే మా మేనత్త సూరమ్మకు రొమ్ము క్యాన్సర్ వచ్చింది. విశాఖ ఆసుపత్రిలో నానో మందు ఎక్కిస్తామన్నారట. అత్త నన్ను పిలిపించింది.

“నానో అంటే ఏటిరా?”

“బాగా సన్నం అత్తా.”

“నా వంద నంబరు నూలు కన్నానా?”

“అందులో వెయ్యో వంతు!”

అత్త నోరు తెరిచింది. ఇక నేను మూస్తానా? మందు ఒంట్లో సైన్యాన్ని లేపుతుందనీ, అది లేస్తే ఒళ్లు కాలుతుందనీ, మా ఎలుకలకు జ్వరం వస్తే పండగేననీ దంచేశాను. అత్త మందూ నా ఎలుకల మందూ ఒకటేనా? ఆ ప్రశ్న నా బుర్రకు తట్టనే లేదు.

మందు ఎక్కించిన వారానికి వెళ్లేసరికి అత్త దుప్పటి కప్పుకుని వణుకుతోంది. ముఖం నిండా గర్వం.

“నిన్నటేల నుంచి జొరం వొచ్చినాదిరా. ఎవులికీ సెప్పనేదు.”

“మాత్ర ఏసుకోనేదా అత్తా?”

“ఏస్తే నీ సైన్నెం తొంగుంటాది కదరా! నూలు సన్నమయ్యే కొద్దీ సేతికి ఓపిక కావాల. మందూ అంతే. ఓర్సుకుంతన్నాను.”

నా పై ప్రాణాలు పైనే పోయాయి. కారు మాట్లాడి విశాఖ బయల్దేరదీశాను. ఇది మంచి జ్వరమా, చెడ్డ జ్వరమా? దారిపొడవునా ఎంత ఆలోచించినా తేలలేదు. నేను చదివినవన్నీ ఎలుకల జ్వరాలే. అత్తకేమైనా అయితే మావకు ఏం చెప్పాలో తెలియక ఏడుపొచ్చేసింది.

ఒంట్లో సైన్యం లేచిందని అత్త గొప్పగా చెప్పేసరికి, డాక్టరమ్మ రక్తపరీక్ష చూసి మండిపడింది. “తెల్లకణాలు అడుగంటాయి. సైన్యం లేవడం కాదమ్మా, సెలవు పెట్టింది! జ్వరం వస్తే వెంటనే ఫోన్ చేయమని కార్డు మీద రాశాం కదా. వద్దని ఎవరు చెప్పారు?”

“మా మేనల్లుడండీ. ఆడూ డాక్టరే.”

డాక్టరమ్మ నా వైపు తిరిగింది. “మీరు ఎవరికి వైద్యం చేస్తారు?”

పాపం, అత్తే ఆదుకుంది.

“ఎలకలకండీ.”

వారం పాటు యాంటీబయాటిక్స్ ఎక్కించాక అత్త గండం గట్టెక్కింది. నాకిప్పుడు పట్టా కూడా వచ్చింది. అయినా సరే, సకల బంధుజనం ఎదుట ప్రమాణం చేస్తున్నాను: నాలుగు కాళ్లూ ఒక తోకా లేని రోగికి ఈ జన్మలో సలహా ఇవ్వను.